గేర్ సైకిల్ కొన్నారు సరే, మట్టిలో ఎక్కడ తొక్కాలి?

లావు టైర్లు, ముందు షాకులు ఉన్న సైకిల్ కొన్నవాళ్ళు హైదరాబాద్‌లో చాలామందే ఉన్నారు. ఆ సైకిళ్ళలో ఎక్కువ భాగం ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన సోలార్ కప్పు వేసిన ట్రాక్ మీదో, నెక్లెస్ రోడ్డు మీదో తిరుగుతాయి తప్ప మట్టి ముఖం చూడవు. ఆ 23 కిలోమీటర్ల ట్రాక్ బాగుంటుంది, కాదనను. కానీ అక్కడికి ఎంటీబీ, అంటే ఈ మౌంటెన్ బైక్, వేసుకెళ్ళడం దండగ, దానికి మామూలు రోడ్డు సైకిలే హాయి. ఎంటీబీ ఉన్నదే రాళ్ళూ రప్పలూ గుంతలూ వేర్ల కోసం. అడిగితే "మనకి కొండలెక్కడున్నాయండీ, మనాలి వెళ్ళాలి" అంటారు. హైదరాబాదే బండల మీద లేచిన ఊరు, దాన్ని వదిలేసి మనాలి దాకా ఎందుకు?

జాగా ఎంచుకునేటప్పుడు వ్యూ చూడకండి, నేల చూడండి, నెల చూడండి. నేను చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే. ఫొటోలో అందంగా కనిపించిన చోటికి కారుకి సైకిల్ కట్టుకుని మూడు గంటలు పోతే, అక్కడ తీరా మోకాలి లోతు గడ్డి ఉంటుంది, లేకపోతే సిమెంటు రోడ్డు వేసేసి ఉంటారు.

మన దగ్గర ముఖ్యంగా మూడు రకాల నేలలు తగులుతాయి. ఎర్ర చెల్క నేల వాన పడి ఒకట్రెండు రోజులు ఆరాక తొక్కితే దాన్ని మించింది లేదు, టైరు నేలని పట్టుకుని వదలదు. అదే నేల ఏప్రిల్‌కి పైన సన్న గులక తేలి, మలుపులో ముందు చక్రం జర్రున జారుతుంది. రెండోది నల్లరేగడి. ఎండాకాలం పర్లేదు, పగుళ్ళలో చక్రం దిగకుండా చూసుకుంటే చాలు. వానాకాలం మాత్రం అటు తలపెట్టకండి. పది మీటర్లు పోయేసరికి మట్టి టైరుకి పొరలు పొరలుగా చుట్టుకుని, ఫోర్కులో ఇరుక్కుని, చక్రం తిరగడమే ఆగిపోతుంది, అప్పుడు బలవంతంగా తొక్కితే వెనక గేర్లు మార్చే డిరైలర్ విరిగి చేతికొస్తుంది. చేవెళ్ల దాటి వికారాబాద్ జిల్లాలోకి పోతే రేగడి చేలు బాగా తగులుతాయి, జూలై ఆగస్టుల్లో అటు వెళ్ళేవాళ్ళు బాట వదిలి చేల పక్కకి దిగొద్దు. ఇక మూడోది మన బండ. సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్ అది, పొడిగా ఉంటే గరుకు కాయితంలా పట్టు ఇస్తుంది, తడిసి పాచి పట్టిన చోట మాత్రం సైకిల్ దిగి నడవడమే మర్యాద.

మొదలుపెట్టడానికి ఖాజాగూడ గుట్టలు చాలు. చుట్టూ టవర్లు లేచిపోయినా మధ్యలో బండలు ఇంకా మిగిలే ఉన్నాయి. పెద్ద దూరాలేం ఉండవు, అరగంటలో అటు చివర నుంచి ఇటు చివరకి వచ్చేస్తారు. కానీ నేర్చుకోవడానికి ఇంత చిన్న జాగానే మంచిది, అదే దిగుడు పదిసార్లు దిగొచ్చు. పొద్దున్నే వెళ్ళండి, ఎనిమిది దాటితే వాకింగ్ వాళ్ళూ, పిల్లల్ని తీసుకొచ్చినవాళ్ళూ, రాళ్ళు ఎక్కేవాళ్ళూ ఉంటారు, వాళ్ళ మధ్య నుంచి స్పీడుగా దూసుకెళ్ళడం బాగోదు.

అక్కడ ఏదో ఒక ఏటవాలు బండ చూసుకుని దిగడం ప్రాక్టీస్ చేయండి. ముందు సైకిల్ పక్కన పెట్టి నడిచి దిగండి, బండ ఎక్కడ అయిపోతుందో, దాని కింద ఇసుక ఉందా, రాయి ఉందా, చెట్టు ఉందా చూడండి. తర్వాత సీటు నాలుగు వేళ్ళు కిందికి దించుకోండి. పెడల్స్ రెండూ నేలకి సమానంగా పెట్టి లేచి నిలబడాలి, నడుం వెనక్కి పోవాలి, మోచేతులు వదులుగా ఉండాలి, ఒక్కో బ్రేక్ మీద ఒక్క వేలు. చూపు ముందు చక్రం మీద కాదు, బండ చివర మీద. ముందు బ్రేక్ వేస్తే తలకిందులైపోతామని భయపడి వెనక బ్రేక్ ఒక్కటే గట్టిగా పట్టేస్తారు చాలామంది. అప్పుడు వెనక చక్రం లాక్ అయ్యి సైకిల్ పక్కకి తిరుగుతుంది. రెండూ కొంచెం కొంచెం నొక్కుతూ వదులుతూ రావాలి, తీరా బండ అయిపోయి మట్టి మొదలయ్యే చోట ముందు బ్రేక్ పూర్తిగా వదిలేయాలి. పడేవాళ్ళు ఎక్కువగా పడేది ఆ రెండడుగుల్లోనే. టైర్లో గాలి కూడా రోడ్డు మీద కొట్టినంత కొట్టకండి, ట్యూబ్ ఉన్న 2.2 అంగుళాల టైరుకి మీ బరువుని బట్టి 28 నుంచి 35 పీఎస్ఐ సరిపోతుంది, ట్యూబ్‌లెస్ అయితే ఇంకా తగ్గించొచ్చు.

అది అలవాటయ్యాక గండిపేట, హిమాయత్‌సాగర్, మొయినాబాద్ వైపు చూడండి. ఎండాకాలంలో నీళ్ళు వెనక్కి పోయినప్పుడు ఒడ్డు వెంబడి పశువులు నడిచిన బాటలు గట్టిపడి భలే ఉంటాయి. కానీ ఏ దారి ఫలానా అని రాసినా లాభం లేదు. మన ఊరి చుట్టూ ట్రైల్ అనేది శాశ్వతం కాదు, పోయినేడు తొక్కిన బాట ఈ ఏడు వెంచర్ అయిపోయి కడీలు, ప్రహరీ, గేటు, గేటు ముందు వాచ్‌మన్ ప్రత్యక్షమవుతాయి. అందుకే దారి వెతుక్కోవడం నేర్చుకోవాలి. ఫోన్‌లో మ్యాప్ శాటిలైట్ వ్యూ పెట్టి సన్నగా, తెల్లగా, వంకర్లు తిరిగే గీతలు చూడండి. తిన్నగా ఉన్న గీత జేసీబీ వేసిన రోడ్డు, వంకర గీత మేకలు వేసిన బాట. మనకి కావాల్సింది రెండోది. సైకిల్ తొక్కేవాళ్ళు తమ దారులు నమోదు చేసే స్ట్రావా యాప్‌లో హీట్‌మ్యాప్ చూస్తే అక్కడ ఇంతకు ముందు ఎవరైనా తొక్కారో లేదో తెలుస్తుంది. అక్కడికి వెళ్ళాక గొర్ల కాపరి కనిపిస్తే ఆగి, "అన్నా, ఈ బాట ఏడికి పోతది?" అని అడగండి. ఏ యాప్ కంటే ఆయన మాటే నయం, ముందు వాగులో నీళ్ళున్నాయా లేదా అనేది కూడా చెప్తాడు.

జాగ్రత్తల్లో హెల్మెట్ సంగతి ఎలాగూ తెలుసు కాబట్టి తెలియనివి చెప్తాను. ఒకటి, ముళ్ళు. పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్ళు ఉన్న నేలలో మామూలు ట్యూబ్‌తో తొక్కడం అంటే పంక్చర్లు వేసుకుంటూ పొద్దు గడపడమే. ట్యూబ్‌లెస్ చేయించుకోండి, కుదరకపోతే ఉన్న ట్యూబ్‌లోనే సీలెంట్ (చిల్లుల్ని మూసే ద్రవం) పోయించండి. ముల్లు దిగితే వెంటనే పీకకండి, గుచ్చుకున్న చోటు కిందికి వచ్చేలా చక్రం తిప్పి అప్పుడు పీకితే సీలెంట్ అక్కడికే చేరి మూసేస్తుంది. రెండు, కరెంటు తీగలు. అడవి పందుల కోసం చేల చుట్టూ రాత్రిపూట తీగ కట్టి కరెంటు ఇచ్చేవాళ్ళు ఉన్నారు, చట్టానికి విరుద్ధమే అయినా ఆపడం లేదు, దానికి మనుషుల ప్రాణాలు పోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. బాగా తెల్లారకుండా చేల గట్ల మీదికి సైకిల్ దించకండి, ఇందులో నాకు ఎలాంటి మొహమాటం లేదు, గ్రూపులో ఎవరు తొందరపెట్టినా ఆగిపోండి. మూడు, పాత క్వారీ గుంతలు. గుట్ట మీద బాట ఉన్నట్టుండి ఆగిపోయి కింద నిలువునా నీళ్ళు కనిపిస్తాయి. కొత్త చోట మొదటిసారి వెళ్తే మెల్లగానే వెళ్ళాలి. కుక్కలు వెంటపడితే పారిపోవద్దు, దిగి సైకిల్‌ని మీకూ వాటికీ మధ్య పెట్టుకుని నడిస్తే చాలావరకు మొరిగి ఊరుకుంటాయి.

రోజంతా పట్టే జాగా కావాలంటే వికారాబాద్ దగ్గర అనంతగిరి. హైదరాబాద్ నుంచి 75, 80 కిలోమీటర్లు. మూసీ పుట్టేది ఆ కొండల్లోనే. అనంత పద్మనాభస్వామి గుడి దగ్గర బండి పెట్టుకుని, అటు కోట్‌పల్లి ప్రాజెక్టు వైపు ఊళ్ళ మధ్య మట్టి బాటలు పట్టుకుంటే రోజు సరిపోతుంది. నేల ఎర్రగా, జేగురు రాయి కలిసి ఉంటుంది, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా దానికి సరైన కాలం. ఆదివారం ఘాట్ రోడ్డు మీద కార్లూ బైకులూ పోటెత్తుతాయి, వీలైతే మామూలు రోజు లీవు పెట్టుకోండి. అడవి లోపలి దారులకి అటవీశాఖ వాళ్ళని అడిగే వెళ్ళాలి. అక్కడికి దగ్గర్లోని దామగుండం గురించి పాత పోస్టులు చూసి వెళ్ళేవాళ్ళు ఉంటారు, 2024లో అక్కడ నేవీ రేడియో కేంద్రానికి (అందరూ రాడార్ కేంద్రం అంటున్నదే) శంకుస్థాపన అయింది, ఇక దాన్ని లిస్టులోంచి తీసేయండి. అమ్రాబాద్, నల్లమల కూడా అంతే, పులుల అభయారణ్యంలో సైకిల్ వేసుకుని బాట వదిలి తిరగడం కుదరదు, కుదరకూడదు కూడా.

విశాఖ వాళ్ళని చూస్తే నాకు కుళ్ళు. అరకు, పాడేరు వైపు కాఫీ తోటల మధ్య దారులు, పైన సిల్వర్ ఓక్ నీడ, చెట్లకి మిరియాల తీగలు, కింద ఎర్రమట్టి. ఇంతకంటే ఏం కావాలి? విశాఖ నుంచి అరకు 115 కిలోమీటర్ల దాకా ఉంటుంది, సైకిల్ కారులో పైకి తీసుకెళ్ళి అక్కడ తొక్కుకోవడం మేలు. నవంబర్ నుంచి జనవరి దాకా చలి బాగుంటుంది కానీ లంబసింగి, వంజంగి వైపు మాత్రం ఆ నెలల్లో పోవద్దు, మంచు చూడ్డానికి వచ్చిన జనంతో దారి కదలదు. పొద్దున ఎనిమిది దాకా పొగమంచు కాబట్టి వెనక ఎర్ర లైటు తప్పనిసరి. తోటల్లోకి వెళ్ళేముందు ఊళ్ళో ఒకరికి చెప్పి వెళ్ళండి, కాఫీ పళ్ళు ఆరబోసిన కళ్ళం మీదుగా సైకిల్ పోనివ్వొద్దు.

రాయలసీమ వాళ్ళకీ, బెంగళూరులో ఉన్న మనవాళ్ళకీ హార్స్‌లీ హిల్స్ ఉంది. అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ, ఎత్తు 1,265 మీటర్లు. ఘాట్ ఎక్కడం మంచి వ్యాయామం, అసలు సరదా మాత్రం కింద మదనపల్లె చుట్టూ ఉన్న రాళ్ళగుట్టల్లో ఉంటుంది. నంది హిల్స్ అంటారా, అది తారు రోడ్డు, ఎంటీబీకి పనిలేదు.

హిమాలయాల విషయంలో నా మాట చాలామందికి నచ్చదు. మనాలి నుంచి లేహ్ దాకా తొక్కడం గొప్ప యాత్రే, ఆ దారిలో తంగ్లాంగ్ లా అనే కనుమ 5,300 మీటర్ల పైన ఉంటుంది, ఎక్కినవాళ్ళకి దండం పెట్టాల్సిందే. కానీ అది రోడ్డు యాత్ర, లారీల వెనక పొగ పీలుస్తూ చేసేది. మట్టి, రాయి కావాలంటే హిమాచల్‌లోని స్పితి లోయలో కాజాకి వెళ్ళండి. అక్కడి నుంచి లాంగ్జా, కోమిక్, హిక్కిం మూడూళ్ళు చుట్టి వచ్చే దారి ఒక్కటి చాలు, ఎక్కేటప్పుడు ఏడుపొస్తుంది, దిగేటప్పుడు నవ్వు ఆగదు. కాజాయే 3,600 మీటర్ల పైన ఉంది. కాబట్టి దిగిన రోజే సైకిల్ ఎక్కొద్దు, రెండు రాత్రులు ఊరికే కూర్చోండి, నీళ్ళు తాగండి. తలనొప్పి తగ్గకపోయినా వాంతులైనా ఎక్కువ ఆలోచించకుండా కిందికి దిగిపోవాలి. జూలై నుంచి సెప్టెంబర్ దాకా అక్కడ తొక్కడానికి వీలు, మనకి ఇక్కడ రేగడి బురదగా ఉండే నెలలు అవే కావడం భలే కలిసొచ్చింది.

నేపాల్‌లో ముస్తాంగ్ కూడా అంతే. మనవాళ్ళు సాలగ్రామాల కోసం, దర్శనం కోసం వెళ్ళే ముక్తినాథ్ అక్కడిదే. ఇంట్లో పెద్దవాళ్ళని దర్శనానికి తీసుకెళ్ళినట్టూ ఉంటుంది, అక్కడి నుంచి లుబ్రా ఊరి మీదుగా జోమ్‌సోమ్ వైపు సైకిల్ మీద దిగినట్టూ ఉంటుంది. పొద్దు పదకొండు లోపే కిందికి చేరిపోండి, ఆ తర్వాత కాళీగండకి లోయలో కింద నుంచి పైకి గాలి మొదలవుతుంది, దిగుడులో కూడా తొక్కాల్సి వస్తుంది. మనకి వీసా అక్కర్లేదు, అన్నపూర్ణ ప్రాంతం పర్మిట్ మాత్రం తీసుకోవాలి.

అమెరికాలో ఉన్నవాళ్ళలో అదృష్టవంతులు బెంటన్‌విల్ వాళ్ళు. వాల్‌మార్ట్ హెడ్డాఫీసు ఊరు కాబట్టి అక్కడ మనవాళ్ళు బోలెడుమంది. ఊరి మధ్యలోంచే స్లాటర్ పెన్, కోలర్ ట్రైల్స్ మొదలవుతాయి, ఆఫీసు అయ్యాక వెళ్ళి చీకటి పడేలోపు ఇంటికి రావొచ్చు. సియాటెల్ వైపు ఉంటే ఇసాక్వా దగ్గర డ్యూతీ హిల్ పార్కు ఉంది. అక్కడ బోర్డుల మీద పచ్చ వృత్తం సులువు, నీలం చతురస్రం మధ్యస్థం, నల్ల డైమండ్ కష్టం. ఖాజాగూడలో బండలు దిగినవాళ్ళం అని నేరుగా నల్లదానికి పోకండి, ఆ దూకుళ్ళు మనకి అలవాటు లేనివి. రెండు రోజులు నీలంలో తిరిగాక చూసుకోవచ్చు.

దూరం వెళ్ళేటప్పుడు సైకిల్ ప్యాకింగ్ కూడా చెప్పాలి. ఏదైనా సైకిల్ షాపులో అడిగితే ఖాళీ అట్టపెట్టె ఇస్తారు. పెడల్స్, ముందు చక్రం, హ్యాండిల్ విప్పి కట్టండి, ఎడమ పెడల్ మర ఉల్టా తిరుగుతుందని గుర్తుంచుకోండి. డిరైలర్ విప్పి చైన్‌తో సహా గుడ్డలో చుట్టి ఫ్రేమ్ లోపలికి కట్టేస్తే వంగదు. మీ సైకిల్ మోడల్‌కి సరిపోయే డిరైలర్ హ్యాంగర్ (డిరైలర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే చిన్న ముక్క) ఒకటి స్పేర్ తప్పకుండా పెట్టుకోండి, అది కాజాలో దొరకదు. టైరులో గాలి నింపే చిన్న సిలిండర్లు విమానంలో తీసి పక్కన పెట్టేస్తారు, చేతి పంపే నయం. రైలులో అయితే ముందు రోజే పార్శిల్ ఆఫీసుకి వెళ్ళి లగేజీగా బుక్ చేయండి, పేరు, ఫోన్ నంబర్, దిగే స్టేషన్ పెద్ద అక్షరాలతో పెట్టె రెండు వైపులా రాయండి.