బాల్ పైథాన్ నా చేతిని కరవడం మానిన విధం

కడపలోని మా ఇంట్లో పెరుగుతున్న బాల్ పైథాన్ ఆఫ్రికాకు చెందిన విషరహిత సర్పం. విదేశీ జీవి కనుక దానిని కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటైన పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాను. జెర్రిపోతు వంటి మన పాములను పట్టి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కనుక, ఆ ఆలోచన ఎవరికీ రాకూడదని నా గట్టి అభిప్రాయం.

మొదటి నెలలో అది రెండుసార్లు నా వేళ్లను కరిచింది. తప్పు దానిది కాదు, నా పద్ధతిదేనని ఆలస్యంగా గ్రహించాను: ఎలుకను పట్టుకున్న చేతినే కడుక్కోకుండా పెట్టెలోకి చాచేవాణ్ణి, అదీ పైనుంచి, గద్ద వాలినట్టు. ఆ వాసనకు నా వేళ్లే ఆహారమని అది భ్రమపడింది.

ఇప్పుడు మేతను పొడవాటి పటకారుతోనే అందిస్తున్నాను. ఎత్తుకునే ముందు సబ్బుతో చేతులు కడిగి, మొద్దు కొన ఉన్న కొక్కెంతో దాని ఒంటిని మెల్లగా తాకి, ఇది మేత వేళ కాదని తెలియజేసి, ఆపై పక్కనుంచి, తలను ఎన్నడూ బిగించకుండా, శరీరానికి రెండు చోట్ల ఆసరా ఇచ్చి మోస్తూ 10 నిమిషాలు మాత్రమే ఉంచుకుంటున్నాను. తిన్న తర్వాత 48 గంటలు ముట్టను. కదిలిస్తే కక్కేసే ప్రమాదం ఉంది. కళ్లు పాలనీలంగా మారి కుబుసానికి సిద్ధమైనప్పుడూ అంతే. సాల్మొనెల్లా బాక్టీరియా సోకకుండా, పామును దించాక మళ్లీ చేతులు కడుగుతాను. 3 వారాలకే అది నాలుక ఆడిస్తూ నా ముంజేతి మీదికి తానే పాకసాగింది.