ఇంటివాళ్లను చిన్న బొమ్మల్లో – 4వ పాఠం: వీపు చూసి పోల్చుకోవడం

పోయిన పాఠంలో కిటికీ పక్కన కప్పు పెట్టుకుని మూడే మూడు ఛాయల్లో వేశాం: వెలుగు, నడిమి ఛాయ, నీడ. ఆ బొమ్మను బయటికి తీయండి, ఇవాళ పక్కనే ఉండాలి. కప్పు సరిగ్గా కుదరలేదనిపిస్తే దానికి కారణం చాలావరకు ఒకటే. నీడ మరీ నల్లగా వస్తుందేమోనని భయపడి అందులో కాస్త తెలుపు కలిపేసి ఉంటారు. కళ్లు సగం మూసి చూడండి. నీడా నడిమి ఛాయా ఒకదాంట్లో ఒకటి కలిసిపోతుంటే నీడ మీద ఇంకో ముదురు పూత వేసి ఆరనివ్వండి. ఈలోగా మనం మాట్లాడుకుందాం.

ఇవాళ్టి నుంచి మనుషుల్ని వేస్తాం. ఎవరో మోడల్ కాదు, మనతో ఒకే ఇంట్లో ఉండే మనుషులు. కానీ ముఖం వేయం.

ఎందుకో లెక్క వేసి చూడండి. మన అట్ట 15 సెంటీమీటర్ల చదరం. అందులో కుర్చీలో కూర్చున్న మనిషిని 10 సెంటీమీటర్ల ఎత్తున వేస్తే తల 2 సెంటీమీటర్లు దాటదు. దాని వెడల్పు ఒకటిన్నర సెంటీమీటరు లోపే. కన్ను వెడల్పు తల వెడల్పులో ఇంచుమించు అయిదో వంతు, అంటే ఇక్కడ 3 మిల్లీమీటర్లు. ఆ కాస్త చోట్లో రెప్ప, నల్లగుడ్డు, చూపు అన్నీ ఇరికించాలి. మన చేతిలో ఉన్నదేమో 12 మిల్లీమీటర్ల ఫ్లాట్ (కొస చదునుగా ఉండే) కుంచె.

నేను మొదట్లో ఈ లెక్క వేసుకోలేదు. మంచం మీద బోర్లా పడుకుని పుస్తకం చదువుకుంటున్న మా చెల్లెల్ని వేయబోయి, ఉన్నవాటిలో అతి సన్న కుంచె తీసుకుని కళ్లు దిద్దడం మొదలుపెట్టాను. దిద్దాను, చెరిపాను, మళ్లీ దిద్దాను. మనం వాడేది నీళ్లతో కలిపే ఆక్రిలిక్ రంగు, ఆరాక కరగదు కదా, చెరపడమంటే పైన ఇంకో పూత వేయడమే. ఏడోసారికి కన్ను ఉండాల్సిన చోట చిన్న గుండీ అంత గడ్డ కట్టింది. విసుగొచ్చి జుట్టు నీడ రంగునే ముఖం మీదికి కూడా లాగేసి బోర్డు గోడకు ఆనించి వెళ్లిపోయాను. సాయంత్రం మా అమ్మ దాన్ని చూసి, "ఇది అచ్చం మన బుజ్జిదే, ఎడమ కాలు అలాగే ఆడిస్తూ ఉంటుంది" అంది. నా పోరాటమంతా ముఖంతో అయితే, చెల్లెలు కాల్లో ఉంది!

మీకూ అనుభవమే. వీధి చివర నడిచొస్తున్న నాన్నను ముఖం కనబడకముందే పోల్చుకుంటాం. ఒక భుజం కాస్త కిందికి, నడకలో ఆ తూగు, చెయ్యి వెనక్కి పెట్టుకునే తీరు. చిన్న బొమ్మకు పనికొచ్చే ముడిసరుకు అదే.

ఎవరిని, ఎప్పుడు

"కాసేపు కదలకుండా కూర్చోవా, బొమ్మ వేస్తాను" అని మాత్రం అడగకండి. "నన్నా? ఈ అవతారంలోనా?" అంటూ జుట్టు సర్దుకుని, వీపు నిటారుగా పెట్టి, పాస్‌పోర్టు ఫొటోకి కూర్చున్నట్టు కూర్చుంటారు. మనకు కావలసిన మనిషి ఆ క్షణంలోనే మాయమైపోతారు. వాళ్లు ఏదో పనిలో మునిగి ఉన్నప్పుడు చూడండి. గుండీ కుట్టేటప్పుడు, బూట్ల లేసులు కట్టుకునేటప్పుడు, ఫోను చూస్తూ గడప దగ్గర నిలబడిపోయినప్పుడు. చేతికి పని ఉంటే ఒళ్లు తన సహజమైన వంపు తీసుకుంటుంది. బొమ్మ పూర్తయ్యాక వాళ్లకే మొదట చూపించండి. వద్దంటే పక్కన పెట్టేయండి, ఇంటి మనిషితో పేచీ ఎందుకు?

ఫొటో తీసుకోవచ్చు. అయితే ఫోను కెమెరా రెండు మోసాలు చేస్తుంది. దగ్గరగా నిలబడి తీస్తే మన వైపున్న మోకాలు పెద్దదైపోయి తల చిన్నదైపోతుంది. మూడు నాలుగు అడుగులు వెనక్కి వెళ్లి తీసి, తర్వాత చుట్టూ కత్తిరించుకోండి. రెండోది, కిటికీకి ఎదురుగా తీస్తే మనిషి మసిబొమ్మ అవుతాడు, లేదా కిటికీ తెల్లకాగితం అవుతుంది. నీడల్లో కంటికి కనిపించే రంగులు ఫొటోలో ఉండవు. అందుకే ఫొటోతో పాటు అక్కడికక్కడే, అరచేతిలో పట్టే కాగితం మీద 4 సెంటీమీటర్ల చదరం గీసి, అందులో ఒక్క నిమిషంలో పెన్సిల్‌తో వెలుగునీడలు నింపుకోండి. ముక్కూ మూతీ వద్దు. మనిషి మొత్తాన్ని ఒక మూటలా చూసి, ఆ మూట ఎటు వాలిందో పట్టుకుంటే చాలు. ఇలాంటివి అయిదారు చేస్తే ఒకటి పనికొస్తుంది. నాకైతే పదింటికి ఒకటి.

పూతలు

జెస్సో (రంగు పట్టడానికి ముందుగా వేసే తెల్లటి పూత) వేసి ఆరబెట్టిన అట్ట మీద తెల్లదనం పోగొట్టాలి. బర్న్‌ట్ సియెన్నాలో కాస్త నీళ్లు కలిపి వెడల్పాటి కుంచెతో అంతటా పల్చగా తోలి, గుడ్డతో అద్దేయండి. నీళ్లు రంగుకంటే ఎక్కువ కానివ్వొద్దు. ఆక్రిలిక్‌లో రంగుపొడిని పట్టి ఉంచేది ప్లాస్టిక్ లాంటి బంక. నీళ్లు మితిమీరితే ఆ బంక పల్చబడి, పైపూత వేసేటప్పుడు కిందిది లేచి వచ్చేస్తుంది. ఈ ఎర్రమట్టి రంగు అడుగుపూత ఆరడానికి 10–15 నిమిషాలు చాలు. తర్వాత పైపూతల సందుల్లోంచి ఇదే అక్కడక్కడా తొంగి చూస్తూ బొమ్మ మొత్తానికి ఒకే ఇంటి వెచ్చదనం తెస్తుంది. పూర్తిగా కప్పేయాలని చూడకండి.

ఇప్పుడు నీడలన్నీ ఒకేసారి వేస్తాం. అల్ట్రామెరీన్ బ్లూ, బర్న్‌ట్ సియెన్నా కలిపితే నల్లరంగు ట్యూబు అవసరం లేని ముదురు వస్తుంది. నీలం పాలు పెంచితే చల్లగా, మట్టిరంగు పాలు పెంచితే వెచ్చగా. జుట్టు నీడ, మెడ కింద నీడ, చొక్కా మడత, కుర్చీ కింద నీడ అని విడివిడిగా ఆలోచించకుండా, కళ్లు సగం మూసినప్పుడు కలిసిపోయినవన్నీ ఒకే మచ్చగా వేసేయండి. ఫ్లాట్ కుంచె పూర్తి వెడల్పుతో. ఈ దశలో బొమ్మ మరకలా కనిపిస్తుంది, చాలామంది ఇక్కడే చేతులెత్తేస్తారు. దాన్ని గది అవతలి గోడకు ఆనించి దూరం నుంచి చూడండి. ఎవరో తెలిసిపోతే మిగతా పని సగానికి సగం అయిపోయినట్టే. తెలియకపోతే తప్పు దాదాపు ఎప్పుడూ మెడ దగ్గర ఉంటుంది. మెడను భుజాల మధ్య నిలువుగా పాతిన గుంజలా వేస్తాం, అసలు మెడ ముందుకు వాలి ఉంటుంది. పనిలో ఉన్న మనిషికి మరీను. ఆరాక దాని వెనక ఉన్న గోడ రంగును మెడ మీదికి కాస్త ఎక్కిస్తూ మెడ వెనక భాగాన్ని కోసుకుంటూ రండి. బయటి నుంచి కోయడం లోపలి నుంచి దిద్దడం కంటే తేలిక.

నడిమి ఛాయలు దాని మీద. ఇక్కడ ఆక్రిలిక్ బుద్ధి ఒకటి గుర్తుంచుకోవాలి. తడిగా ఉన్నప్పటి కంటే ఆరాక రంగు కాస్త ముదురవుతుంది. తడి బంక పాలలా తెల్లగా ఉంటుంది, ఆరితే అద్దంలా తేరుకుంటుంది, ఆ పాల తెలుపు పోయినంత మేరా రంగు ముదురుతుంది. గోడకైతే ఫరవాలేదు గానీ, మెడా చెంపా కలిసే చోట ఆ చిన్న తేడా కూడా కనబడుతుంది. కలిపిన ముద్దను ఒక పనికిరాని అట్ట ముక్క మీద రాసి, ఆరాక కప్పు బొమ్మ పక్కన పెట్టి పోల్చి, అప్పుడు మనిషికి పెట్టండి. తొందరైతే హెయిర్ డ్రైయర్ ఉండనే ఉంది.

చర్మం రంగు గురించి కాస్త నిదానిద్దాం. "స్కిన్" అని రాసిన ట్యూబు కొనకండి. ఒకే ట్యూబు ఇంటిల్లిపాదికీ ఎలా సరిపోతుంది? బర్న్‌ట్ సియెన్నా రెండు పాళ్లు, యెల్లో ఓకర్ (పసుపు మట్టి రంగు) ఒక పాలు కలిపిన ముద్ద ఎవరికైనా మొదలు. ముదురు చామనఛాయకు అందులో అల్ట్రామెరీన్ చిటికెడు, లేత ఛాయకు తెలుపు కొద్దికొద్దిగా. గోధుమ వన్నె చర్మం మీద వెలుగు పడిన చోటు చూపించడానికి తెలుపు కుమ్మరిస్తే బూడిద పూసినట్టవుతుంది. టైటానియం వైట్ రంగును లేతబరచడంతో పాటు చల్లబరుస్తుంది కూడా. దానికి విరుగుడుగా ముందు ఓకర్, రవ్వంత ఎరుపు కలిపి, ఆఖరున మాత్రమే తెలుపు. చెవిలోంచి వెలుగు వస్తుంటే అక్కడ తెలుపు అసలే వద్దు, ఎరుపే. కిటికీకి వీపు పెట్టి కూర్చున్న పిల్లల చెవులు చూడండి, దీపాల్లా ఉంటాయి.

గీత ఎక్కడ పోగొట్టాలి

ఈ పాఠంలో అసలు కష్టం ఇది. మనిషి చుట్టూ గీత గీసినట్టు అంచులన్నీ ఒకే తీరుగా పదునుగా ఉంటే, కత్తిరించి అంటించిన బొమ్మలా ఉంటుంది. ఆక్రిలిక్ త్వరగా ఆరుతుంది కాబట్టి అంచులు వద్దన్నా పదునెక్కుతాయి. తడి మీద తడి పెట్టి మెత్తగా కలపడం చిన్న అట్ట మీద చేయొచ్చు గానీ, కొత్తవాళ్లకు చేతి కింద ఆరిపోతుంది. నేను చేసేది వేరు: రెండు రంగుల మధ్య, ఆ రెండూ కలిపిన మూడో రంగుతో సన్నటి పట్టీ ఒకటి వేస్తాను. రెండడుగుల దూరం నుంచి అది మెత్తటి అంచులాగే కనిపిస్తుంది.

ఇంతకన్నా మంచి ఉపాయం అంచునే పోగొట్టేయడం. నల్ల చొక్కా వేసుకున్నాయన ముదురు కుర్చీలో కూర్చుంటే, వీపు ఎక్కడ ఆగిందో కుర్చీ ఎక్కడ మొదలైందో వేయకండి. రెండూ ఒకే మచ్చ. చూసేవాళ్ల కన్ను ఆ గీతను తనే గీసుకుంటుంది. ఈ పనిలో ఫ్రెంచి చిత్రకారుడు ఎద్వార్ వుయ్యార్‌ను మించినవాళ్లు నాకు కనబడలేదు. బట్టలు కుట్టే పని చేసే తల్లితోనే, 1928లో ఆమె పోయేదాకా, కలిసి బతికాడు. ఆమెనూ, ఆ ఇంటి గదులనూ ఎన్నిసార్లు వేశాడో. 1893లో వేసిన ఒక చిత్రం న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో ఉంది. అందులో తల్లి నల్లటి దుస్తుల్లో గది మధ్య కొండలా కూర్చుని ఉంటుంది. అక్క మాత్రం గళ్ల గౌనుతో గోడ కాగితం పూలలోకి కలిసిపోతూ, గోడలోంచి వస్తోందో గోడలోకి పోతోందో తెలియనట్టు వంగి ఉంటుంది. ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లేదో ఇంకొకరు చెప్పక్కర్లేదు. అది తైలవర్ణం. నీళ్లతో కలిపే ఆక్రిలిక్ రంగులు చిత్రకారుల చేతికొచ్చింది 1950లలో, అప్పటికి ఆయన లేడు. ఆయనకు తైలం మెత్తగా కలిసేది. మనకు కలవదు కాబట్టి మచ్చల్ని ముందే ఆలోచించుకోవాలి, అంతే తేడా.

మీ బొమ్మలో మూడు చోట్ల అంచు పోగొట్టండి, ఒక్కచోటే పదునుగా ఉంచండి. ఎక్కడ? పని జరుగుతున్న చోట. గుండీ కుడుతుంటే వేళ్ల దగ్గర, చదువుతుంటే కాగితం అంచు దగ్గర. కన్ను అక్కడికే పోతుంది.

ఆఖరి వెలుగులకు కుంచె కడిగి తుడిచి, రంగు చిక్కగా తీసుకోండి. భుజం మీద ఒకటి, జుట్టు మీద ఒకటి, చేతిమీద ఒకటి. వేశాక సర్దకండి. నాలుగోది వేయాలనిపిస్తే కుంచె సబ్బుతో కడిగేసి పడుకోబెట్టండి. నీళ్ల గ్లాసులో తలకిందులుగా వదిలితే కొస వంగిపోతుంది, మొదళ్లలో రంగు ఆరితే ఇక అది రంగులు కలుపుకునే పుల్లగానే పనికొస్తుంది.

పొరపాట్లలో రెండింటికి మందు చెబుతాను. చెయ్యి ముద్దలా వచ్చిందా? అయిదు వేళ్లు దిద్దబోకండి. బొటనవేలును విడిగా, మిగతా నాలుగూ కలిపి ఒకే గంటె ఆకారంలో వేయండి. మనిషి గాలిలో తేలుతున్నట్టున్నారా? కుర్చీ కాళ్ల కింద, పాదాల కింద నీడ వేయడం మరచిపోయారు. ఆ ఒక్క ముదురు గీతతో కింద ఆనుతారు.

వారంలో ముగ్గురిని వేయండి, లేదా ఒక్కరినే మూడుసార్లు. నా ఓటు రెండోదానికి. మూడోసారికి ఆ మనిషి భుజం మీకు చూడకుండానే వస్తుంది. అయ్యాక ఇంట్లో ఇంకొకరికి, ఎవరని చెప్పకుండా చూపించండి. "ఎవరిది?" అని అడిగితే మెడ దగ్గరికి వెళ్లండి. పేరు చెప్పేస్తే అట్ట వెనక పెన్సిల్‌తో తేదీ, ఆ మనిషి అప్పుడేం చేస్తున్నారో రాసి పెట్టుకోండి. వార్నిష్ మాత్రం ఇప్పుడే వద్దు. వచ్చే పాఠంలో ఈ అట్ట మీదే, ఆ మనిషి పక్కన రెండో మనిషిని కూర్చోబెడతాం.