డాబాకు వాటర్‌ప్రూఫింగ్ చేయించే ముందు జాగ్రత్తలు (చెన్నైలో ఉన్నవాళ్లకి)

మనకి అసలు వాన అక్టోబరులో మొదలయ్యే ఈశాన్య రుతుపవనాలదే. పని సెప్టెంబరులోపు ముగించండి. ఆగస్టులోనూ సాయంత్రం ఉరుముల వానలు పడతాయి కాబట్టి మేస్త్రీ ‘రేపే వేసేద్దాం’ అంటే ముందు ఆకాశం చూడండి.

• కాంక్రీటు స్లాబ్ అయితే తూములు మూసి, అంగుళంన్నర నీళ్లు ఒక రోజు నిలపండి. కింద చెమ్మ దిగినచోట సుద్దతో గుర్తు పెట్టండి. మైలాపూరు, జార్జిటౌన్ పాత ఇళ్లలో టేకు దూలాల మీద ఇటుకలు పేర్చిన మద్రాస్ టెర్రస్ ఉంటే మాత్రం ఈ పరీక్ష వద్దే వద్దు. ఆ కప్పుకి సున్నమే నయం. సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుని దూలాలు పుచ్చిపోతాయి.

• కారేది తరచుగా స్లాబ్ మధ్యలో కాదు, పిట్టగోడ మొదట్లోనూ పైపు దిగేచోటా. ఆ మూలలు గుండ్రంగా పూయించి, మెష్ (పగుళ్లు రాకుండా పూతలో పరిచే సన్నని జాలీ) వేయించండి. కూలి బేరం ఇక్కడ ఆడకండి.

• పగుళ్లు కొంచెం చెక్కి నింపాలి. పైపైన పూస్తే ఏడాది తిరక్కుండా మళ్లీ నోరు తెరుస్తాయి.

• తడి ఆరకుండా కోటింగ్ వేస్తే బుడగలే.

• కడిగే రోజు వాననీటి పైపును బావి నుంచి, సంపు నుంచి విడదీయండి. డాబా కడిగిన రసాయనాల నీళ్లు అందులోకి పోకూడదు.

• పాత ఆస్బెస్టాస్ రేకులా? ఎక్కొద్దు, కోయొద్దు, డ్రిల్ పెట్టొద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకి చేటు.