విదేశీ టీమ్‌తో మొదటి వీడియో కాల్‌కి ముందు

తల అటూ ఇటూ ఊపి ఊరుకోకండి. మనకది "సరే, వింటున్నా" అని. అమెరికా వాళ్లకి "కాదు" అనో "ఏమో" అనో తోస్తుంది. ఊపినా, వెంటనే నోటితో "యెస్" అనండి. నా మొదటి కాల్‌లో ఊరికే తలూపితే మేనేజర్ అదే ప్రశ్న మూడుసార్లు అడిగారు.

బల్గేరియా వాళ్లుంటే మరీ జాగ్రత్త: అక్కడ తల పైకీ కిందికీ ఆడిస్తే కాదని, అడ్డంగా ఊపితే అవునని.

వేళ్లు సున్నాలా కలిపే 'ఓకే' గుర్తు బ్రెజిల్‌లో బూతు. వాడొద్దు.

చాట్‌లో బొటనవేలి ఎమోజీ పెట్టేముందు ఆగండి. కుర్రాళ్లకది విసురుగా అనిపించవచ్చు. అంతకంటే పెద్ద చిక్కుంది: కెనడాలో 2023లో ఒక కోర్టు, అవిసెగింజల ఒప్పందం ఫొటోకి రైతు పెట్టిన ఆ ఎమోజీని సంతకంగానే లెక్కగట్టింది. "అందిందని చెప్పానంతే" అన్నా ఒప్పుకోలేదు. అందుకే "అందింది, చదివి చెప్తాను" అని మాటల్లోనే రాయండి.