ముందు ఊరు, తరువాత రేస్: ఫాంటసీ ఆర్పీజీలో పాత్రను కట్టుకునే పద్ధతి

ఫాంటసీ రోల్ ప్లేయింగ్ వీడియో గేములు చాలావరకు ఆటగాణ్ణి ముందుగా అడిగేది రేస్ గురించే, అంటే పాత్ర ఏ జాతిలో పుట్టిందన్నది. మనిషా, ఎల్ఫా, డ్వార్ఫా, ఆర్కా అని తెర మీద బొమ్మలు వరుసగా నిలబడతాయి. కాకినాడ హాస్టల్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న విద్యార్థి అయినా, భీమవరంలో దుకాణం కట్టేసి రాత్రి పదింటికి కన్సోల్ పట్టుకునే గృహస్థు అయినా అక్కడ చేసే పని దాదాపు ఒకటే. చూడటానికి బాగున్న రేస్‌నో, అంకెలు ఎక్కువ ఇచ్చే రేస్‌నో ఎంచుకుని, పాత్ర పూర్వకథను చివర్లో తోచినట్టు అతికిస్తారు. ఈ వరుసను తిరగెయ్యాలని నా అభిప్రాయం. ముందు పాత్రకు ఒక ఊరు, ఒక పని, ఒక తీరని బాకీ ఏర్పరచుకోవాలి; ఆ బాకీని తేలిక చేసే రేస్‌ను కాక మరింత బరువెక్కించే రేస్‌ను ఆ తరువాత వెతుక్కోవాలి. ఈ మార్గం చెల్లని ఆటలు కూడా కొన్ని ఉన్నాయి, వాటి సంగతి తరువాత చెబుతాను.

అంకెల కోసమే రేస్‌ను ఎంచుకోవాలన్న వాదన ఒకప్పుడు న్యాయమైనదే. బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో ఆడే డన్జన్స్ అండ్ డ్రాగన్స్ 2014 నాటి నిబంధనల్లో హాఫ్ ఆర్క్‌కు బలంలో రెండు పాయింట్లు, దేహదారుఢ్యంలో ఒక పాయింటు పుట్టుకతోనే దక్కేవి కనుక, హాఫ్ ఆర్క్ మాంత్రికుడు మొదటి మెట్టు మీదనే వెనకబడేవాడు. ఆ నిబంధనల మీదే కట్టిన వీడియో గేమ్, 2023 ఆగస్టులో వచ్చిన బాల్డర్స్ గేట్ 3, ఆ పాయింట్లను ఏ రేస్ వారైనా తమకు నచ్చిన చోట పెట్టుకోనిచ్చింది. 2024 నిబంధనల పుస్తకం వాటిని రేస్ నుంచి పూర్తిగా తప్పించి పాత్ర నేపథ్యానికి ముడిపెట్టింది. స్కైరిమ్‌లో రేస్‌ను బట్టి ఒక నైపుణ్యంలో పది, మరో అయిదింటిలో అయిదేసి పాయింట్ల మొగ్గు ఉంటుంది గాని, కొంత ఆట గడిచేసరికి ఆ తేడా ఎక్కడుందో వెతుక్కోవాలి. అందుచేత అంకెల లెక్కను ఇక్కడితో వదిలేస్తున్నాను.

కాగితం తీసుకునే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది: మీరు ఆడబోయే ఆట దేనిని వింటుంది? 2011లో వచ్చిన స్కైరిమ్ మిమ్మల్ని బండి మీద ఖైదీగా తీసుకొచ్చి పది రేసుల్లో ఒకటి ఎంచుకోమంటుంది. మీరు ఎక్కడ పుట్టారో, ఏ నేరానికి పట్టుబడ్డారో ఒక్క మాట అడగదు. అక్కడ పూర్వకథ పూర్తిగా మీ చేతుల్లోదే కనుక, దానిని నిషేధాల రూపంలో రాసుకోవడం మేలు. ఈ పాత్ర దొంగతనం చేయదు, ఈ పాత్ర రాత్రి పూట పడవ ఎక్కదు, ఈ పాత్ర పూజారుల దగ్గర వైద్యం చేయించుకోదు అన్నట్టుగా ఉండాలి. ఆట గుర్తు పెట్టుకోని విషయాన్ని ఆటగాడు పాటించే నియమం గుర్తు పెట్టుకుంటుంది. 2015 నాటి పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ దీనికి భిన్నంగా రేస్‌ను, పుట్టి పెరిగిన దేశాన్ని, చేసిన పనిని మూడు వేరు వేరు ప్రశ్నలుగా అడుగుతుంది. పాత్రను కట్టుకోవడానికి ఇంతకంటె మర్యాదైన తెర నేను చూడలేదు. బాల్డర్స్ గేట్ 3 మధ్యలో నిలుస్తుంది. రేస్‌ను సంభాషణల్లో వింటుంది. నేపథ్యం అనే గడిలో మీరు ఎంచుకున్న దానిని బట్టి రెండు నైపుణ్యాలు ఇచ్చి, ఆ నేపథ్యానికి తగిన పని చేసినప్పుడల్లా ఇన్‌స్పిరేషన్ పాయింటు ఒకటి చేతిలో పెడుతుంది. అలాంటివి నాలుగు వరకు దాచుకుని, పాచిక ఎదురు తిరిగినప్పుడు మళ్ళీ వేయడానికి వాడుకోవచ్చు.

ఇక పూర్వకథకు సరుకు ఎక్కడ దొరుకుతుంది? రాక్షసులు తగలబెట్టిన పల్లె, అనాథ బాలుడు, గుర్తు తెలియని కత్తి అనే కథను వేలమంది రాసి అరగదీశారు. గోదావరి డెల్టాలో పెరిగిన వారికి ఆ అవసరం లేదు. గౌతమి, వశిష్ఠ పాయల మధ్య లంకల్లో ఏటి కోతకు భూమి పోయిన కుటుంబాన్ని తీసుకోండి. పట్టా కాగితం ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉంటుంది, భూమి ఏట్లో ఉంటుంది. కొన్నేళ్ళకు ఎదుటి ఒడ్డున కొత్త దిబ్బ లేస్తే దానిని ఇంకెవరో దున్నుతుంటారు. ఆ కొత్త దిబ్బ ఎవరిదన్న ప్రశ్నతో ఒక పాత్ర ఆట మొత్తం నడవగలదు. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారని ఇక్కడి పిల్లలకు కూడా తెలుసు. రెండో హెచ్చరికకు ఊరంతా గట్టెక్కినా, మూడోది వచ్చాక కూడా గొడ్లను వదిలి రానన్న తాతను వెనక వదిలి పడవెక్కిన మనవడు మరొక పాత్ర. నర్సాపురం ప్రాంతంలో ఇంటి అరుగు మీద కూర్చుని లేసు అల్లే స్త్రీకి తన పనితనం ఖరీదు ఏజెంటు చెప్పిన ధరగా మాత్రమే తెలుసు. ఆ లేసు సముద్రం దాటి ఎంతకు అమ్ముడవుతుందో చూడాలని బయలుదేరిన ఆమెకు బాల్డర్స్ గేట్ 3లో గిల్డ్ ఆర్టిజన్ నేపథ్యం కుదురుతుంది, ఎందుకంటే ఆ నేపథ్యం ఇచ్చే రెండు నైపుణ్యాలు ఎదుటివారి మనసు పట్టడం, ఒప్పించడం. 1954 నవంబరు 1న ఫ్రెంచి పాలన నుంచి బయటపడ్డ యానాం కూడా మంచి సరుకే. చుట్టూ ఒక చట్టం, ఊళ్ళో మరొక చట్టం ఉన్న కాలంలో రెండు వైపులా సరుకు దాటించిన వ్యక్తిని హాఫ్ ఎల్ఫ్‌గా, అంటే సగం మనిషి సగం ఎల్ఫ్‌గా, ఊహించడం సులువు, కాస్త మరీ సులువు కూడా.

ఊరి పేరును మాత్రం ఆటలోకి మోసుకుపోవద్దు. స్కైరిమ్ మంచులో నిలబడి కోటిపల్లి రేవు పేరు చెప్పుకునే పాత్ర నాలుగు నిమిషాలకే వేషంగా తేలిపోతుంది. పనిని, బాకీని తీసుకుని వాటికి ఆ లోకంలోనే చోటు వెతకాలి. బాల్డర్స్ గేట్ నగరం కియాంథర్ నది ఒడ్డున ఉంది కనుక పంటు నడిపే సరంగుకు అక్కడ బతుకుతెరువు ఉంటుంది. స్కైరిమ్‌లో వైట్ రివర్ చివర విండ్‌హెల్మ్ ఓడరేవు ఉంది. రాసేది ఒక పుటకు మించనవసరం లేదు. అందులో పరాక్రమ గాథలు అసలే వద్దు; మొదటి లెవెల్లో ఎలుకల చేతిలో చచ్చే మనిషి నిరుడు డ్రాగన్‌ను చంపాడంటే ఎవరు నమ్ముతారు?

ఇప్పుడు రేస్ సంగతికి వద్దాం. తేలిగ్గా తప్పు జరిగేది ఇక్కడే కనుక కొంచెం ఆగి చూడాలి. వరదలో తనవాళ్ళను పోగొట్టుకున్న లంక మనిషికి స్కైరిమ్‌లో ఏ రేస్ అంటే, నది మనిషి కనుక ఆర్గోనియన్ అని వెంటనే తోస్తుంది. బల్లి రూపంలో ఉండే ఆర్గోనియన్లు నీటి అడుగున ఊపిరి పీల్చగలరు. ఆ ఒక్క శక్తితో పూర్వకథ మొత్తం చచ్చిపోతుంది, ఎందుకంటే నీళ్ళలో ఊపిరాడే వాడికి వరద భయమేమిటి? రేస్ ఇచ్చే శక్తి పూర్వకథలోని నష్టాన్ని తుడిచేస్తుందా, రెట్టింపు చేస్తుందా అని ప్రతిసారీ అడగాలి. తుడిచేస్తే రెండు దారులున్నాయి. మొదటిది మనుషుల రేసులైన నార్డ్‌నో రెడ్‌గార్డ్‌నో ఎంచుకుని, నదిని నిజంగా ప్రమాదంగానే ఉంచుకోవడం. రెండోది ఆర్గోనియన్‌నే ఉంచి కథను మార్చడం: మనుషుల ఇంట పెరిగిన ఆర్గోనియన్ పిల్లవాడు వరద రాత్రి నీటి అడుగున హాయిగా ఊపిరి తీసుకుంటూ ఉండగా, పెంచిన వాళ్ళు పైన మునిగిపోయారు. ఇక్కడ శక్తి నష్టాన్ని తుడవదు, నేరభావంగా మారుస్తుంది. పైగా విండ్‌హెల్మ్‌లో ఆర్గోనియన్లను గోడ లోపల నివసించనివ్వక రేవులోనే ఉంచుతారు. మీ పాత్రను మాత్రం ద్వారపాలకుడు ఆపడు; ఆ లోటును మీ నియమంతో మీరే పూడ్చుకుని, ఆ ఊళ్ళో రాత్రి గడపనని నిర్ణయించుకోవచ్చు.

ఇదే పరీక్షను సంక్రాంతి బరిలో ఇల్లు పోగొట్టుకున్న పందెగాడి మీద పెట్టి చూడండి. బాల్డర్స్ గేట్ 3లో హాఫ్‌లింగ్ అనే పొట్టి రేస్‌కు పాచిక మీద ఒకటి పడితే దానిని మళ్ళీ వేసే అదృష్టం పుట్టుకతో వస్తుంది. పందెం కలిసిరాని వాడికి ఆ వరం ఇస్తే కథ నవ్వులపాలవుతుంది. నేనైతే అతనికి డ్వార్ఫ్ దేహం ఇస్తాను.

మరొక చిక్కు ఇంతకంటె సూక్ష్మమైనది. కాలువ లాకుల దగ్గర పనిచేసిన ఒక లస్కరును ఊహించండి. వరద రాత్రి ఎగువ చేలు మునగకుండా తూము తలుపులు ఎత్తేశాడు. దిగువ పల్లపు పేట నీట మునిగింది. ఎగువవారు అతన్ని దేవుడంటారు, పల్లంవారికి అతని పేరే తెలియదు. బాల్డర్స్ గేట్ 3లో ఇతనికి ఫోక్ హీరో (జనం మెచ్చిన వీరుడు) నేపథ్యం పెట్టవచ్చు, ఎందుకంటే ఆ బిరుదు సగం అబద్ధం కావడమే ఈ కథకు ప్రాణం. ఇతనికి రేస్ ఏమిటి? అందరూ అనుమానించే డ్రౌను, అంటే పాతాళపు ఎల్ఫ్‌ను, పెడితే బరువు పెరుగుతుందని మొదట అనిపిస్తుంది. నిజానికి తగ్గుతుంది. జనం డ్రౌను అనుమానించేది రేస్ చూసి, చేసిన పని చూసి కాదు. ఆ అనుమానపు గోలలో తూము తలుపుల సంగతి వినబడకుండా పోతుంది. అదే మనిషిని పెడితే ఎదురుపడ్డవారు అతన్ని మామూలుగా నమ్ముతారు, ఆ నమ్మిక ప్రతిసారీ లోపల గుచ్చుకుంటుంది. మనిషికి చీకట్లో చూసే శక్తి లేదు కనుక గుహల్లో దివిటీ పట్టుకుని తిరగవలసి వస్తుంది. ఆ ఇబ్బంది పెద్దదేమీ కాదు.

అలాగని డ్రౌ ఎందుకూ పనికిరాదని కాదు. ఈ ఆట మొదటి భాగంలో గాబ్లిన్లు డ్రౌను చూస్తే జడిసి దారి వదులుతారు. మంచివారి దగ్గర నమ్మకం కోసం బతిమాలుకుంటూ, చెడ్డవారి దగ్గర అడక్కుండానే గౌరవం పొందే స్థితి అది. ఎవరి గౌరవాన్నీ కోరని లేసు అల్లే స్త్రీ, తన సరుకుకు సరైన ధర మాత్రమే అడిగే ఆమె, ఆ స్థితిలో పడితే ఎంత కథ పుడుతుందో ఆలోచించండి.

రేస్‌తోనే మొదలు పెట్టవలసిన ఆటల సంగతి చెబుతానన్నాను. 2009 నాటి డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్‌లో రేస్, పూర్వకథ కలిపి ఆరు మూటలుగా కట్టి ఇస్తారు: మానవ ప్రభువుల బిడ్డ, మాంత్రికుడు, డ్వార్ఫ్ ప్రభువు, డ్వార్ఫ్ పేదవాడు, నగరంలోని ఎల్ఫ్, అడవిలోని డేలిష్ ఎల్ఫ్. డ్వార్ఫ్‌లకు మంత్రవిద్య అసలే ఉండదు. ప్రతి మూటకూ ఆరంభంలో దాని సొంత కథాభాగం ఉంటుంది కనుక, మీరు రాసుకున్న లంక కథను అక్కడ బలవంతంగా ఇరికించడం వృథా శ్రమ. అక్కడ ఎంచుకోవలసింది, ఏ చోటికి తిరిగి వెళ్ళాలని ఉంది అన్నది మాత్రమే. డ్వార్ఫ్ ప్రభువుగా మొదలు పెట్టినవాడు తనను వెళ్ళగొట్టిన ఆర్జమ్మార్‌కు నడి ఆటలో తిరిగి వచ్చి, అక్కడి సింహాసనం తగాదాలో తన తమ్ముణ్ణి ఎదురుగా చూస్తాడు. డ్వార్ఫ్‌లు కానివారికి అదే ఘట్టం పరాయి ఊరి రాజకీయం. 2017 నాటి డివినిటీ: ఒరిజినల్ సిన్ 2లో అన్‌డెడ్ పాత్రను, అంటే చచ్చీ తిరుగుతున్న మనిషిని, ఎంచుకుంటే వైద్యం గాయం చేస్తుంది, విషం మాన్పుతుంది, జనంలో ముఖం దాచుకోవాలి. అలాంటి చోట చావే పూర్వకథలో మొదటి వాక్యం కావాలి, అంతకు ముందరి వృత్తి ఒక్క ముక్కలో తేలిపోవాలి. బాల్డర్స్ గేట్ 3లోని గిథ్యాంకీ అనే రేస్ కూడా ఈ కోవలోనిదే. సైనిక శిక్షణలో పెరిగే ఆ జనానికి కొబ్బరి దింపు కార్మికుడి బాల్యం అతకదు.

చివరగా పరీక్ష. పుట రాసి, రేస్ ఎంచుకున్నాక ఆట ఆరంభ భాగం దాటేవరకు ఆడి, రెండు విషయాలు గమనించండి. పూర్వకథ వల్ల కనీసం ఒక్కసారైనా మీరు లాభసాటి సమాధానాన్ని వదులుకున్నారా? రేస్ వల్ల కనీసం ఒకరైనా మీతో వేరుగా మాట్లాడారా? మొదటిది జరగకపోతే బాకీ బలహీనంగా ఉంది, దానికి ఒక మనిషి పేరు చేర్చండి, ఊరు అన్నది కాక పాత్ర ఎవరికి బాకీ పడిందో ఆ వ్యక్తిని చేర్చండి. రెండోది జరగకపోతే ఆట వినడం లేదు గనుక రేస్ గురించి బెంగ మాని రూపం నచ్చినదానిని పెట్టుకోండి.

మార్చుకునే అవకాశం ఆటను బట్టి మారుతుంది. 2006 నాటి ఆబ్లివియన్ మొదటి సొరంగం గుమ్మం దగ్గర ఆపి, రేస్‌తో సహా అన్నీ దిద్దుకోమని ఒకసారి అడుగుతుంది. బాల్డర్స్ గేట్ 3లో విథర్స్ అనే పాత్ర 100 బంగారు నాణేలకు క్లాస్‌ను (యోధుడు, మాంత్రికుడు వంటి విద్యను), సామర్థ్యపు అంకెలను మారుస్తుంది, శిబిరంలోని అద్దం రూపాన్ని మారుస్తుంది. రేస్‌ను, నేపథ్యాన్ని మాత్రం ఈ రెండూ ముట్టుకోవు. కనుక పాత్ర తయారైన వెంటనే ఒక సేవ్‌ను వేరే పేరుతో భద్రం చేసి, దాని మీద ఇంకేదీ రాయకుండా ఉంచండి. డెస్క్‌టాప్ మీద ఆడేవారు వానాకాలపు కరెంటును నమ్మకుండా ఆ పని ఆరంభంలోనే ముగించడం మంచిది.