గ్రూపు మెసేజులతో తల తిరుగుతుంటే ఈ సెట్టింగులు మార్చుకోండి

దేవరకొండ, అచ్చంపేట దిక్కు ఊళ్లల్ల పనిచేసే పంచాయతీ కార్యదర్శులకు, అంగన్‌వాడీ టీచర్లకు, ఏఎన్‌ఎం అక్కలకు ఈ మాట. మండలం గ్రూపు, జిల్లా గ్రూపు, స్కీముకో గ్రూపు. అన్నం తింటుంటే కూడా ఫోను మోగుతనే ఉంటది. పనికన్నా ఈ మోతకే మనిషి ఎక్కువ అలసిపోతున్నడు.

వాట్సాప్‌లో గ్రూపు పేరు మీద నొక్కి మ్యూట్ చేసి, 'ఆల్వేస్' పెట్టండి. మ్యూట్ చేసినట్టు గ్రూపులో ఎవరికీ తెలవదు, మెసేజులు యాడికీ పోవు. పొద్దున ఫీల్డుకు పోయే ముందు, మధ్యాహ్నం, సాయంత్రం చూసుకుంటే చాలు. ఎంపీడీఓ సారుదో, సూపర్‌వైజర్ మేడందో కాల్ తప్పుతదని భయపడొద్దు, మ్యూట్ చేసేది మెసేజులనే, కాల్స్‌ని కాదు. నిజంగా అర్జెంటైతే వాళ్లు ఫోనే చేస్తరు.

వాట్సాప్ సెట్టింగుల్ల 'స్టోరేజ్ అండ్ డేటా'లోకి పోయి ఫోటోలు, వీడియోలు వాటంతటవే డౌన్‌లోడ్ కాకుండా ఆపండి. మెమొరీ నిండితే హాజరు ఫోటో దిగే టైముకు ఫోను ఆగిపోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యం ఇది: అమ్రాబాద్ అడవి దిక్కు సిగ్నల్ ఉండదు, హాజరు యాప్ తెరుచుకోదు. అప్పుడు మళ్లమళ్ల నొక్కి పరేషాన్ కావొద్దు. ఎర్రర్ వచ్చిన స్క్రీన్‌షాట్ టైముతో సహా తీసి, సిగ్నల్ దొరకంగనే పై అధికారికి పంపండి. మెమో వచ్చినా చూపించనీకి రుజువు మీ చేతిల ఉంటది.