ఒకే బీటు, ఒకే కార్డు: ఆరున్నర నిమిషాల మోటరిక్ ట్రాక్ కట్టడం ఎలా

మోటరిక్ అంటే మలుపుల్లేని రహదారి మీద బండి పరుగులా సాగే డ్రమ్ము బీటు. 1971లో జర్మన్ బ్యాండు క్రాఫ్ట్‌వర్క్ నుంచి బయటికొచ్చిన క్లౌస్ డింగర్, మైఖేల్ రోథర్ డ్యూసెల్‌డార్ఫ్‌లో పెట్టిన నోయ్ బ్యాండుతో దీనికి పేరొచ్చింది. ఇరవై ఏళ్ల తర్వాత లండన్‌లో టిమ్ గేన్, లెటీసియా సాడియేల బ్యాండు స్టీరియోల్యాబ్ దీనికి పాత ఆర్గన్లు, మూగ్ సింథసైజర్, తీయని పాప్ గొంతులు జోడించింది. ఇక్కడ కట్టబోయేది ఆ రెండో దారిలోది.

టెంపో 150 (నిమిషానికి 150 కౌంట్లు) పెట్టండి. నాలుగు కౌంట్ల బారుకు 1.6 సెకన్లు, 240 బార్లకు 6 నిమిషాల 24 సెకన్లు. బారును ఎనిమిది దెబ్బలుగా విడగొడితే వరస ఇది (కిక్ అంటే కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము, స్నేర్ అంటే కర్రతో కొట్టే చిన్న డ్రమ్ము): కిక్, కిక్, స్నేర్, కిక్, కిక్, కిక్, స్నేర్, కిక్. ఎనిమిదింటి మీదా హై-హ్యాట్ (జంట తాళాలు) మూసే ఉండాలి. హ్యాట్ వెలాసిటీ (దెబ్బ బలం) బేసి దెబ్బలకు 90, సరి దెబ్బలకు 65. అన్నీ సమానంగా కొడితే కుట్టుమిషన్ చప్పుడే మిగులుతుంది. అలాగని సాఫ్ట్‌వేర్‌తో దెబ్బల్ని అటూ ఇటూ జరపొద్దు. ఈ బీటు ప్రాణమంతా నిలకడలోనే ఉంది. ఫిల్లులు (మధ్యలో కొట్టే అలంకారపు దరువులు) అసలే వద్దు.

ఎక్కువమంది తడబడేది కిక్ దగ్గర. ఈ వేగంలో దెబ్బకూ దెబ్బకూ మధ్య 200 మిల్లీసెకన్లే ఉంటుంది. కిక్ మోత 300 దాకా సాగితే రెండో దెబ్బ మొదటి దాని తోకలో మునిగిపోయి అడుగంతా బురదవుతుంది. 130 దగ్గర కోసేయండి. బేస్ గిటార్ కూడా ఎనిమిది దెబ్బలూ మీటాలి: 14 బార్లు ఇ స్వరం, 2 బార్లు డి. కిక్ బలం 60-70 హెర్ట్జ్‌లో ఉంటే బేస్‌లో అక్కడ 3 డెసిబెల్స్ తగ్గించండి.

ఆర్గన్ కార్డు (కలిపి నొక్కే స్వరాలు) ఇ, బి, ఆ పైన ఎఫ్ షార్ప్. తంబూరాలా మొదటి నుంచి చివరిదాకా పట్టే ఉంచాలి. ఇందులో మేజరో మైనరో తేల్చే జి గానీ జి షార్ప్ గానీ లేదు, అందుకే బేస్ డి మీదికి దిగినా కార్డు మార్చక్కర్లేదు. పైగా ఒకదాని మీద ఒకటి పేర్చిన ఈ ఫిఫ్త్‌లు (స-ప దూరంలోని స్వరాలు) ఫజ్‌లో, అంటే శబ్దాన్ని గరుకుగా చేసే ఎఫెక్ట్‌లో, పెట్టినా చెదరవు. ఆర్గన్‌లో 200 హెర్ట్జ్ కిందిదంతా తీసేసి బేస్‌కు చోటివ్వండి. జి షార్ప్ గొంతుకు వదిలేయండి, ఇ బార్లలో వెలుగొచ్చినట్టుంటుంది. డి బార్లలో అదే స్వరం గుచ్చుకుంటుంది, అక్కడ ఎఫ్ షార్ప్‌కు దిగండి. రెండో గొంతు మొదటిదానికి జంటగా పాడకూడదు, అది ఊపిరి తీసుకునే ఖాళీల్లో దూరాలి. స్టీరియోల్యాబ్‌లో సాడియే, మేరీ హాన్సెన్ గొంతులు అల్లుకున్న తీరు వినండి, ఇంతకన్నా మంచి పాఠం లేదు.

గిటార్‌కు డిలే (ప్రతిధ్వని) 300 మిల్లీసెకన్లు, ఫీడ్‌బ్యాక్ (అది మళ్లీ మళ్లీ తిరిగొచ్చే మోతాదు) 30 శాతం. 50 దాటితే స్వరాలు ఒకదాన్నొకటి మింగేస్తాయి. నాలుగు బార్ల ముక్క రికార్డు చేసి తిరగేసి కూడా వాడొచ్చు. ఉబ్బుతూ వచ్చే ఆ శబ్దం తెగే చోటు కచ్చితంగా తర్వాతి బారు మొదటి దెబ్బ మీద పడేలా జరపండి, లేకపోతే పొరపాటులా వినిపిస్తుంది.

ఇప్పుడు కాగితం మీద 15 గళ్లు గీయండి, గడికి 16 బార్లు. ఒక్కో గడిలో ఒక్క మార్పే. కొత్తది చేర్చే ముందు ఉన్నదొకటి తీయండి. ఆర్గన్ ఫిల్టర్‌ను (పై శబ్దాల్ని మూసి ఉంచేది) 65వ బారు నుంచి 128 దాకా, అంటే దాదాపు 102 సెకన్లు, మెల్లగా తెరవండి. అదే 8 బార్లలో తెరిస్తే వినేవాళ్లు డ్యాన్స్ పాటలోలా డ్రాప్ (బీటు ఒక్కసారిగా విరుచుకుపడే చోటు) వస్తుందనుకుంటారు. అది రాదు, నిరాశ మిగులుతుంది.

వేదిక మీద ఆర్గన్ హోరు పెరిగేకొద్దీ డ్రమ్మర్ తెలియకుండానే పరుగందుకుంటాడు. క్లిక్ (టెంపో చెప్పే టిక్‌టిక్) అతని చెవికి మాత్రమే ఇవ్వండి. సాధన 120 టెంపో దగ్గర, ఆపకుండా పది నిమిషాలు. మణికట్టు బిగుసుకోకపోతేనే 5 పెంచాలి.

వినైల్ వేసే ఆలోచనుంటే 12 అంగుళాల రికార్డుకు పక్కకు 20 నిమిషాలు దాటనివ్వొద్దు, గాడులు సన్నబడి శబ్దం తగ్గుతుంది. ఈ నిడివి ట్రాకులు మూడు పడతాయి: 19 నిమిషాల 12 సెకన్లు. స్టూడియో డబ్బు మాత్రం రెండు పక్కలకూ ముందే లెక్కేసుకోండి. నోయ్ రెండో ఆల్బమ్‌కు 1973లో మధ్యలోనే డబ్బయిపోయింది. అప్పటికే ఉన్న సింగిల్‌ను రకరకాల వేగాల్లో తిప్పి రెండో పక్క నింపాల్సి వచ్చింది.